ఇరవై రెండు పాయింట్లు

మా నాన్నగారు స్కూటరుకి డబ్బు కట్టి ఎనిమిదేళ్ళు ఎదురు చూశారు. నేను ఒక జంతువు కోసం ఇరవై రెండేళ్ళు ఎదురు చూశాను. మా వంశంలో ఓపిక అల్లా తరతరానికీ పెరుగుతూ వస్తోంది.

ఆ జంతువు పేరు ఎల్క్. లేళ్ళ జాతిదే గానీ, లేడి అనగానే మీరు పంచవటిలోని బంగారులేడిని ఊహించుకుంటే పొరబాటే. మన అడవుల్లో తిరిగే కణితికి ఇది పెద్దన్నయ్య. ఎదిగిన మగది మూడువందల కిలోల పైచిలుకు తూగుతుంది. దాని కొమ్ములు ఏటా రాలిపోతాయి, నాలుగైదు నెలలు తిరిగేసరికి మళ్ళీ లక్షణంగా మొలుస్తాయి. నా నెత్తిమీద రాలినవేవీ మళ్ళీ మొలవలేదు కనక, నాకు ఆ జంతువంటే మొదటినుంచీ ఒకరకమైన గౌరవం.

నేనుండేది అమెరికాలో కొలరాడో రాష్ట్రం, డెన్వర్ పక్కన. 1998లో, రెండువేల సంవత్సరాన్ని చూసి కంప్యూటర్లు బెదిరిపోతాయేమోనని లోకమంతా కంగారుపడుతున్న రోజుల్లో, ఆ కంగారు తీర్చడానికి వచ్చిన వేలమంది తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. కంప్యూటర్లు బెదరలేదు. మేం మాత్రం ఇక్కడే ఉండిపోయాం.

మా పక్కింటాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు డెబ్భై మూడేళ్ళు. నా పేరులో మొదటి రెండక్షరాలు తను ఉంచుకుని, మిగతావి నాకే వదిలేసిన మహానుభావుడు. 2001లో మేం ఇల్లు కొనుక్కుని దిగిన వారానికే కంచెమీదనుంచి తొంగిచూసి, "విల్లు పట్టడం వచ్చునా?" అని అడిగాడు. రాదన్నాను. "రేపు సాయంత్రం రా" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళయింది, ఇంకా వెడుతూనే ఉన్నాను.

ఇప్పటి వేట విల్లు రాములవారి పటంలో విల్లులా ఉండదు. రెండు కొసలా కప్పీలుంటాయి, బావిలో చేద తోడుకునే కప్పీల్లాంటివే. లాగేటప్పుడు అరవై పౌన్ల బరువు. పూర్తిగా లాగాక కప్పీలు తిరిగి, అందులో ఎక్కువభాగం తామే మోస్తాయి. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది ఈ రకం విల్లుతోనే. ఆమె యాభై మీటర్లనుంచి కొడుతుంది. నేను ముప్ఫై గజాల దూరాన్నుంచి గడ్డిమోపుని కొడతాను, అదీ మోపు కదలకుండా ఉంటే.

"అమెరికా వెళ్ళి నేర్చుకున్న విద్య ఇదా? నోరులేని జీవాన్ని చంపడమా?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. మా ఆవిడ మీకన్నా ముందే అడిగింది. మన దేశంలో 1972 నాటి చట్టం కింద వేట నేరం. అది సరైనదే. ఇక్కడ లెక్క వేరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ కొలరాడోలో ఎల్క్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పక్క రాష్ట్రం వయోమింగునుంచి రైలుపెట్టెల్లో తెచ్చి వదిలితే మళ్ళీ నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు రెండున్నర లక్షలకి పైమాటే. ఆ కాపాడే ఖర్చు చాలావరకు వేటగాళ్ళ లైసెన్సు రుసుముల మీదనే నడుస్తోంది. తుపాకులమీదా తూటాలమీదా ఉన్న పన్నుని 1937లో ఈ పనికే మళ్ళించారు, తర్వాత విల్లమ్ములకీ తగిలించారు. ఒక్కో అడవికీ ఏటా ఎన్నింటిని తియ్యవచ్చో లెక్కకట్టి అన్ని లైసెన్సులే ఇస్తారు. కొట్టినదాని మాంసం పారెయ్యడం నేరం, అమ్ముకోవడమూ నేరమే. ఇంటిల్లిపాదీ తినవలసిందే. ఈ చివరి షరతు వినగానే మా ఆవిడ కాస్త మెత్తబడింది. 2011లో నేనూ పక్కింటాయనా కలిసి తెచ్చిన ఆడ ఎల్క్ మాంసంలో ఆవిడ గోంగూర వేసి వండిన కూర తిని, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కారానికో, ఆనందానికో ఇప్పటికీ చెప్పడు.

ఇక క్యూ సంగతి. ఇక్కడ వేట కోసం రాష్ట్రాన్నంతా ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక నంబరిచ్చారు. కొన్ని ముక్కల్లో మాబోటి స్థానికులు కొట్లో డబ్బిచ్చి విల్లు లైసెన్సు కొనుక్కుని వెళ్ళిపోవచ్చు. మేం ఏటా వెళ్ళేది అలాంటి చోట్లకే. మనిషికో చెట్టూ చెట్టుకో మనిషీ అన్నట్టుంటుంది అక్కడ. మరికొన్ని ముక్కల్లో మాత్రం ఏడాదికి ఇంతమందే అని కట్టడి. మంది తక్కువ కనక మగవి పెద్దవయసుదాకా బతుకుతాయి, కొమ్ములు పెరుగుతాయి, అంచేత అందరి కళ్ళూ వాటిమీదే. వాటికి డ్రా తీస్తారు. డ్రా అంటే దీపావళి బంపరు లాంటిది కాదు, అచ్చం రేషను షాపు వరస. ఏటా దరఖాస్తు పెట్టాలి. రాకపోతే ఒక పాయింటు ఇస్తారు. ఎవరి దగ్గర పాయింట్లెక్కువుంటే వాళ్ళకి ముందు. కోరుకున్నది వచ్చిందా, కూడబెట్టిన పాయింట్లన్నీ ఒక్క దెబ్బతో సున్నా! కొన్నేళ్ళనుంచీ ఇంకో తిరకాసు కూడా ఉంది: ఎల్క్ వరసలో నిలబడాలంటే ముందు ఏ టర్కీకోడికో, కుందేలుకో ఇంకో లైసెన్సు కొనాలి. బియ్యం కావాలంటే సబ్బు కూడా కొనమన్న మా ఊరి శెట్టిగారు గుర్తొచ్చాడు.

2003నుంచి 2024దాకా నేను ఒక్క ఏడూ మానకుండా పెట్టి ఇరవై రెండు పాయింట్లు కూడేశాను. చాలనుకునేరు! నాలాంటి వెర్రివాళ్ళు వేలమంది కూడేస్తున్నారు. నేనో మెట్టెక్కితే పైన ఇంకో మెట్టు కడతారు. వాళ్ళు కట్టే మెట్లకీ నేనెక్కే మెట్లకీ మధ్య దూరం తరిగి, కిందటేడాది పట్టికలు చూస్తే ఈసారి అందుతుందేమోనన్న ఆశ పుట్టింది.

దరఖాస్తుకి ఆఖరు గడువు 2025 ఏప్రిల్ 1, రాత్రి ఎనిమిది గంటలు. ఆ తేదీ పెట్టినవాడెవడో నన్ను బాగా ఎరిగినవాడే.

మార్చి అంతా నేను కేలెండరు కాగితాల వెనక పట్టికలు గీస్తూ గడిపాను. పిల్లకి సంబంధాలు చూసినట్టే. రెండువందల ఒకటి: రాష్ట్రానికి వాయవ్యమూల, యూటా, వయోమింగు కలిసేచోట, కోల్డ్ స్ప్రింగ్ అనే కొండ. దిగువన గ్రీన్ నది, బ్రౌన్స్ పార్కు. ఆ రోజుల్లో బుచ్ కాసిడీ వంటి దొంగలు దాక్కున్న చోటు. ఎల్క్‌లు కూడా అదే కారణంచేత ఇష్టపడతాయి కాబోలు. దాని పక్కనే రెండో నంబరు: సేజి పొదలూ, జునిపరు చెట్లూ, ఎండు నేల. నీరున్న చోటు తెలిస్తే సగం పని అయినట్టే. పదో నంబరు: మంచిదే, కానీ అందులో డైనోసార్ జాతీయ స్మారకం లోపల వేట నిషిద్ధం, పైన కొండమీద సొంత భూములెక్కువ. ఎల్క్ కంచె దూకి అవతల నిలబడితే మనం నమస్కారం పెట్టి రావలసిందే. పైగా 2022–23 చలికాలం ఆ వాయవ్యమూలనంతటినీ చావగొట్టింది. గట్టిపడ్డ మంచుకింద గడ్డి అందక మందలు మందలు పోయాయి. 2023లో లైసెన్సులు బాగా తగ్గించారు. అరవై ఒకటి: అన్‌కంపాగ్రే పీఠభూమి, పడమటి వైపు. బోలెడు ప్రభుత్వ అడవి, రోడ్డు సౌకర్యం. ఇది పక్కింటాయన 2018లో తన పాయింట్లన్నీ పెట్టి చూసొచ్చిన చోటు. ఇవి కాక డెబ్భై ఆరు: దక్షిణాన శాన్ వాన్ పర్వతాల్లో, రియో గ్రాండే నది పుట్టేచోట. బాగా ఎత్తు. గాలి పలచన. పురుగుపట్టి ఎండిపోయిన స్ప్రూసు చెట్లు, అందులో కొంత 2013లో కాలిపోయిన అడవి. దీనికి అంతలేసి పాయింట్లు అక్కర్లేదు.

కూడికలు, తీసివేతలు చేసి రెండువందల ఒకటి కింద రెండు గీతలు గీశాను. ఆ సాయంత్రమే కంచెదగ్గిరకి వెళ్ళి చెప్పాను.

"మంచి పని" అన్నాడాయన. "నేను డెబ్భై ఆరుకి పెడుతున్నాను. నా ఆరు పాయింట్లకీ అదైతే వస్తుంది."

"ఒక్కరేనా?"

"పెళ్ళయిన కొత్తలో మా ఆవిడా నేనూ అక్కడ గుడారం వేసుకున్నాం. మళ్ళీ వెళ్ళలేదు. డిసెంబరులో ఈ కుడిభుజానికి ఆపరేషను. ఆ పైన ఏడాదిపాటు విల్లు ముట్టుకోకూడదుట."

అంటూ భుజం తడుముకున్నాడు. ఆయన భార్య పోయి ఏడేళ్ళయింది. కొడుకులు చెరో మూలా ఉన్నారు. ఒకప్పుడు డెబ్భై పౌన్ల విల్లు లాగిన మనిషి, ఇప్పుడు నలభై అయిదుకి తగ్గించుకున్నాడు. నెలకి రెండు పౌన్ల చొప్పున తగ్గిస్తూ వస్తుంటే, ఆ మర తిప్పి పెట్టింది నేనే. చట్టప్రకారం ముప్ఫై అయిదుకి తగ్గకూడదు.

ఇంటికొచ్చి మళ్ళీ కేలెండరు కాగితం తీశాను. ఇద్దరం కలిసి జట్టుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ జట్టులో ఎవరికి తక్కువ పాయింట్లుంటే అందరికీ అవే లెక్క. ఇరవై రెండున్న నేను ఆరున్న ఆయనతో కలిస్తే ఆరుగానే నిలబడతాను. వచ్చిందా, ఆయనవి ఆరూ పోతాయి, నావి ఇరవై రెండూ పోతాయి. మళ్ళీ ఇరవై రెండు కూడేసరికి నాకు డెబ్భై తొమ్మిది. ఆ పాయింట్లు ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు, వీలునామాలో పెట్టడానికీ వీల్లేదు. మనతోనే కాటికి వస్తాయి.

మా ఆవిడ తెలివైనది. "అంత చిక్కెందుకండీ? మీరీసారి ఉత్త పాయింటుకి పెట్టుకోండి, ఇరవై మూడవుతాయి. ఆయనకి తోడుగా విల్లు లేకుండా వెళ్ళి రండి" అంది. ఇంత సులువైన ఉపాయం నాకు తట్టనందుకు సిగ్గుపడి, మర్నాడు కంచెదగ్గిర అదే చెప్పాను.

ఆయన నవ్వలేదు. "విల్లు పట్టకుండా వెంట వచ్చేవాడు తోడు కాదు, కాపలా. నర్సే కావాలంటే ఆస్పత్రికే వెడతాను. నువ్వు నీ రెండువందల ఒకటికి వెళ్ళు. ఇరవై రెండు పాయింట్లు డెబ్భై ఆరుమీద తగలేసేవాణ్ణి పిచ్చాసుపత్రిలో పెడతారు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మా నాన్నగారి స్కూటరు గుర్తుకొచ్చింది.

ఆయన తెనాలిలో స్కూలు మేష్టారు. 1974లో స్కూటరుకి పేరు రాయించుకున్నారు. ఆ రోజుల్లో స్కూటరంటే డబ్బుంటే వచ్చేది కాదు, వరస రావాలి. ఏటా ఓ కార్డు రాసి వరస ఎంతవరకూ వచ్చిందో కనుక్కునేవారు. స్కూటరు వచ్చాక అమ్మని వెనక కూర్చోబెట్టుకుని అమరావతి తీసుకువెళ్ళాలని ఆయన పథకం. అద్దె కారులో వెడదామని అమ్మ ఎన్నిసార్లన్నా, "ఇంకెంత, వచ్చేస్తోందిగా" అనేవారు. 1981లో ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి స్వాధీనం తప్పింది. 1982లో స్కూటరు వచ్చింది. స్కూటరుకి క్లచ్చీ గేరూ రెండూ ఎడమచేతి వైపే ఉంటాయి.

అమ్మెయ్యమంటే ఒప్పుకోలేదు. వసారాలో దుప్పటి కప్పి ఉంచారు. ఆదివారం ఆదివారం దుప్పటి తీయించి, నాచేత గుడ్డ పెట్టి తుడిపించి, స్టార్టు చేయించేవారు. ఓ అయిదు నిమిషాలు మంచంమీద కూర్చుని ఆ చప్పుడు వినేవారు. "ఇంక ఆపు, పెట్రోలు దండగ" అనేవారు. 1986లో అమ్మేసిన రోజున మీటరు చూశాం. ముప్ఫై చిల్లర కిలోమీటర్లు. గుంటూరు షాపునుంచి మా ఇంటికి మా మేనమామ నడుపుకొచ్చిన దూరం, అంతే.

చీకట్లో లేచి కూర్చున్నాను. మా ఆవిడకి మెలకువ వచ్చింది. విషయం చెప్పాను. స్కూటరు కథ ఆవిడకి తెలియనిదేం కాదు. కాసేపు మాట్లాడలేదు.

"మా అమ్మ నాకు పెట్టిన గద్వాల చీర ఉందే, పెళ్ళిళ్ళకి కట్టుకుందామని దాచి దాచి మొన్న తీస్తే మడతలమీద చిరిగి ఉంది. కడితే చిరిగిందన్నా ఓ అందం" అంది. వెంటనే, "మీరెక్కడికి వెళ్ళినా సరే, ఫ్రీజరులో నా గోంగూర పొట్లాల జోలికి మాత్రం రావద్దు" అని అటు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ 1 రాత్రి ఏడున్నరకి నేను పక్కింటి తలుపు కొట్టాను. ఆయన అప్పటికే దరఖాస్తు పెట్టేశాడుట. దాన్ని సవరించి జట్టు కట్టమని కూర్చున్నాను. తిట్టాడు. ఆ తిట్లు ఈ పత్రిక అచ్చు వెయ్యదు. ఎనిమిదికి పది నిమిషాలుండగా ఇద్దరి పేర్లూ ఒక జట్టులో పడ్డాయి. మా బాణాల మైదానంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు నన్ను చూసి తలలు పట్టుకున్నారు. ఒకాయన మరీ బాధపడి, "కోహినూరు వజ్రం ఇచ్చి కందిపప్పు కొనుక్కున్నావు" అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. వేసవి మొదట్లో ఫలితాలు వచ్చాయి. ఇద్దరికీ డెబ్భై ఆరు. నా ఖాతాలో సున్నా. కంప్యూటరులో ఆ సున్నాని చూస్తుంటే గుండె కలుక్కుమన్నమాట నిజం. అబద్ధమెందుకు?

విల్లు వేట సెప్టెంబరు నెలంతా. ఎల్క్‌లు జతకట్టే కాలం అదే. మగది ఈలవేసినట్టు అరుస్తుంది. మొదట తలుపు కిర్రుమన్నట్టు మొదలై, పైకి వెళ్ళి వేణువయి, చివర ఆంబోతు రంకెలా దిగుతుంది. ఆడదానిలా కూతవేసి దాన్ని పిలవాలి. ఆ కూత సాధన నేను స్నానాలగదిలో చేసేవాణ్ణి. దూడ తప్పిపోయిన గేదెలా ఉందని మా ఆవిడ తీర్మానించింది. అక్కడితో ఆగిందా? "జతకట్టే లేళ్ళమీద బాణం వేసేగా పాండురాజు శాపం తెచ్చుకున్నాడు!" అంది. నా దగ్గిర జవాబు లేదు. ఆ శాపమిచ్చిన కిందముడనే ముని లేడి రూపంలో ఉన్నాడనీ, ఇక్కడ మునులు లేరనీ నసిగాను. పైగా ఆ నెలలోనే మహాలయ పక్షాలు. ముందుగా గొట్టంలో మందు దట్టి కాల్చే పాతకాలపు తుపాకులవాళ్ళ తొమ్మిది రోజులూ సెప్టెంబరు 21తో అయిపోతాయి. ఆ ఏడు మహాలయ అమావాస్యా 21నే. నాన్నగారికి తర్పణాలు విడిచి, మర్నాడు బయల్దేరాం. అడవికీ పితృదేవతలకీ ముహూర్తాలు అలా కుదిరాయి.

క్రీడ్ అనే చిన్న ఊరు దాటి, రియో గ్రాండే పక్కనే పైకి వెళ్ళాం. మూడువేల కిలోమీటర్లు పారి సముద్రంలో కలిసే నది అక్కడ అంగలేసి దాటేలా ఉంది. త్ర్యంబకం దగ్గిర గోదావరిని చూసి రాజమండ్రిని తలుచుకున్నవాళ్ళకి ఆ వింత తెలుస్తుంది. ఆయన గుడారం చోటు వెతికాడు. పెద్ద చెట్లన్నీ పోయి, వాటి కింద మోకాలెత్తు మొక్కలు లేచి ఉన్నాయి. "ఇక్కడే" అన్నాడు. ఎలా పోల్చాడో ఆయనకే తెలియాలి. డెబ్భై మూడేళ్ళాయన ముందు నడుస్తుంటే, యాభై ఏడేళ్ళ నేను పదడుగులకోసారి పకృతిని చూస్తున్నట్టు నటిస్తూ ఆగేవాణ్ణి.

మూడు రోజులు ఏమీ లేదు. ఎండు చెట్లు గాలికి మూలుగుతుంటే, ఏది ఎప్పుడు మీద పడుతుందోనని పైకి చూస్తూ తిరిగాం. నాలుగో రోజు తెల్లవారుజామున గడ్డంతా తెల్లటి మంచు. లోయలో ఒక ఈల వినిపించింది. ఆయన ముందుకి వెళ్ళి ఒక గున్న చెట్టు వెనక మోకాళ్ళమీద కూర్చున్నాడు. నేను యాభై గజాలు వెనక ఉండి స్నానాలగది విద్య ప్రదర్శించాను. జవాబు వచ్చింది. మళ్ళీ కూశాను. ఇంకా దగ్గిరగా వచ్చింది. కొమ్మలు విరుగుతున్న చప్పుడు. గాలి మా మొహాలమీదికే కొడుతోంది, వాసన పట్టదు. పొగమంచులోంచి మొదట కొమ్ములు వచ్చాయి, తర్వాత ఎల్క్ వచ్చింది. కొమ్ముకి ఆరేసి కొనలు. నోట్లోంచి ఆవిరి. ఆయనకి ముప్ఫై అయిదు గజాల్లో పక్కవాటుగా నిలబడింది.

ఆయన విల్లు లాగాడు. పూర్తిగా లాగాడు. నా కూత గొంతులో ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. ఏడుదాకా లెక్కపెట్టాను. బాణం వెళ్ళలేదు. ఆయన కుడి మోచెయ్యి సన్నగా వణకడం నేనున్న చోటికి కనిపించింది. మెల్లిగా, చప్పుడు కాకుండా, నారి వెనక్కి వదిలేసి విల్లు దించేశాడు. ఎల్క్ ఆ కదలిక చూసింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత అది లోయలోకి దిగిపోయింది.

దగ్గిరికి వెళ్ళాను. ఏం అనాలో తెలియలేదు.

"చెయ్యి వణికింది" అన్నాడు. "వణికే చేత్తో వదిలితే ఎక్కడ తగులుతుందో తెలీదు. దెబ్బతిని తప్పించుకున్న జంతువు నా నిద్రలోకి వస్తుంది." కాసేపయ్యాక, "ఎంత పెద్దదో చూశావా?" అన్నాడు. ఆయన మొహం చూస్తే, మంచంమీద కూర్చుని స్కూటరు చప్పుడు వింటున్న మా నాన్నగారి మొహంలా లేదు. ఆ తేడా చాలు నాకు.

తర్వాతి మూడు రోజులూ నాకు ఒక్క ఎల్కూ దొరకలేదు. విల్లు పట్టుకువెళ్ళిన పదిమందిలో ఎనిమిదిమందో తొమ్మిదిమందో ఉత్తచేతులతోనే తిరిగొస్తారు, అది కొత్తేం కాదు. మా ఆవిడ మాత్రం, వద్దన్న మనిషే, ఫ్రీజరు సగం ఖాళీ చేసి ఉంచింది. "ఇరవై రెండేళ్ళ పొదుపూ ఖర్చుపెట్టి ఏం తెచ్చారు?" అని అడిగింది. జలుబు తెచ్చాను. అది చూపించాను.

అక్టోబరు 2 విజయదశమి. మా ఇంట్లో పూజకి నా విల్లు పెట్టుకుంటుంటే పక్కింటాయన తన విల్లుకూడా తీసుకొచ్చాడు. బొట్టుపెట్టి రెండూ పక్కపక్కన పెట్టాం. ఎందుకని అడిగితే జమ్మిచెట్టు కథ చెప్పాను. అర్జునుడు అజ్ఞాతవాసానికి వెడుతూ గాండీవాన్ని మూటగట్టి జమ్మిచెట్టుమీద దాచిన సంగతి.

శ్రద్ధగా విన్నాడు. "మళ్ళీ ఎన్నాళ్ళకి తీసుకున్నాడు?" అని అడిగాడు.

"ఏడాదికి."

"ఏడాదేగా!" అన్నాడు. "డాక్టరూ అదే చెప్పాడు."

ఆయన విల్లు మా ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. ఇప్పుడది మా గదిలో గోడకి వేలాడుతోంది. దుప్పటి మాత్రం కప్పలేదు.